దోర్నకల్ బిషప్పు

అశోకా రోడ్డులో ఆంధ్ర, తెలంగాణ భవనాల ముంగిట సీట్ల లెక్కలు వినబడినప్పుడల్లా బిషప్ అజరయ్య జ్ఞప్తికి వస్తారు. 1874లో తిరునల్వేలి సీమలో జన్మించిన ఆ తమిళుడు తెలుగు నేర్చి, నిజాం రాజ్యంలోని దోర్నకల్‌ను కార్యక్షేత్రం చేసుకున్నారు. 1910లో ఎడింబరో మిషనరీ మహాసభలో తెల్లదొరల నుండి సమాన స్నేహాన్ని కోరారు. 1912లో ఆంగ్లికన్ సంఘంలో ప్రథమ భారతీయ బిషప్పయ్యారు. ఆయన సంఘంలో అత్యధికులు మాల, మాదిగలు. మతాంతరీకరణ విషయమై గాంధీజీతో విభేదించినా, క్రైస్తవులకు ప్రత్యేక నియోజకవర్గాలను వ్యతిరేకించారు. అవి వారిని జాతి నుండి వేరుచేస్తాయని ఆయన నమ్మకం. 1945 జనవరి 1న కన్నుమూశారు. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు దళిత క్రైస్తవులను షెడ్యూల్డు కులాల జాబితా వెలుపలనే ఉంచింది. జాతిని నమ్మిన ఆ పెద్దమనిషికి జాతి పడిన బాకీ నేటికీ తీరలేదు.