నిప్పుకు లొంగని బట్ట వెనుక గస్ గ్రిసమ్

పిల్లలూ, అమెరికాలోని ఇండియానా రాష్ట్రంలో మిచెల్ అనే చిన్న ఊరుంది. 1926 ఏప్రిల్ 3న అక్కడ ఒక రైల్వే ఉద్యోగి ఇంట వర్జిల్ గ్రిసమ్ పుట్టాడు. అందరూ గస్ అని పిలిచేవారు. పొట్టివాడని బడిలో బాస్కెట్‌బాల్ జట్టులోకి తీసుకోలేదు. ఇంజనీరింగ్ చదివి వైమానిక దళంలో చేరాడు. కొరియా యుద్ధంలో 100 సార్లు విమానం నడిపాడు. మీ అమ్మానాన్నల్లాగే ఆయనకూ బదిలీలు తప్పలేదు.

1959లో అమెరికా తొలి ఏడుగురు వ్యోమగాముల్లో ఒకడయ్యాడు. 1961 జూలైలో అంతరిక్షాన్ని తాకి వచ్చి సముద్రంలో దిగాడు. బోల్టులు ముందే పేలి తలుపు ఊడిపోయింది. నౌక మునిగింది, ఆయన ఈది బతికాడు. తర్వాత వచ్చిన అపోలో నౌకకు అలాంటి బోల్టులు పెట్టలేదు. తలుపు లోపలికి తెరుచుకునేది.

1967 జనవరి 27న ఆ నౌకలో నేలమీదే రిహార్సల్ జరిగింది. రాకెట్‌లో ఇంధనం లేదు కాబట్టి ప్రమాదం లేదనుకున్నారు. కానీ లోపల నిండా స్వచ్ఛమైన ఆక్సిజన్, చుట్టూ నైలాన్ వలలు, వెల్‌క్రో పట్టీలు. (ఒక ఊళ్లో వార్షికోత్సవం నాడు నైలాన్ తెరకు దీపం తగిలి, కరిగిన బొట్లు రాలడం మేము చూశాం. ఆ రాత్రే గ్రిసమ్ గురించి వెతికి చదివాం.) బహుశా విద్యుత్ తీగల దగ్గర నిప్పురవ్వ పుట్టింది. లోపల పెరిగిన ఒత్తిడికి తలుపు బిగుసుకుపోయింది. గ్రిసమ్, ఎడ్ వైట్, రోజర్ చాఫీ ముగ్గురూ పోయారు. ప్రాణం తీసింది పొగ. గ్రిసమ్‌కు అప్పటికి 40 ఏళ్లు.

ఆ తర్వాత తలుపు బయటికి, క్షణాల్లో తెరుచుకునేలా మార్చారు. వ్యోమగాముల దుస్తుల పైపొరలో నైలాన్ పోయి బీటా బట్ట వచ్చింది. సన్నని గాజు పోగులతో నేసి టెఫ్లాన్ పూసిన బట్ట అది. మన వంటింట్లో దోసె అంటుకోని పెనం మీద ఉండేదీ ఆ టెఫ్లానే. టెఫ్లాన్ పూసిన గాజు బట్టలే జెడ్డా విమానాశ్రయంలో హజ్ యాత్రికులకు పైకప్పయ్యాయి. పీబీఐ అనే ఇంకో పోగు అప్పటికే ప్రయోగశాలలో ఉంది. దాన్ని వ్యోమగాముల కోసం బట్టగా నేయించారు. అది గాలిలో అంటుకోదు, కరిగి ఒంటికి అతుక్కోదు. తర్వాతి దశాబ్దాల్లో అమెరికా అగ్నిమాపక సిబ్బంది కోట్లలోకి చేరింది. మంటల్లోకి వెళ్లి మనుషుల్ని మోసుకొచ్చేవాళ్లు నేటికీ దాన్ని తొడుక్కుంటున్నారు.

ఇప్పుడు ఏ ఊరికి బదిలీ అయినా, కొత్త బడి హాలులో మేము ముందు చూసేది తలుపులు ఎటు తెరుచుకుంటాయనే.