జేమ్సు ప్రెస్కాట్ జౌల్

కూటము ప్రారంభము కాకమునుపే లౌడుస్పీకరు సన్నగా బుసకొట్టుట ఇందుకూరుపేట వారందరును ఎఱిగినదే. ఆ రొద నిరంతరము సాగుటచే ట్వీటరు, అనగా హెచ్చుస్థాయి నాదములను పలికించు చిన్న స్పీకరు, చెడునేమోయని కొందరి సందేహము. దానిని తీర్చు సూత్రమును 1841లోనే ప్రకటించిన మహనీయుని చరిత్రమును మేమిచట సంగ్రహముగా వ్రాయుచున్నాము.

జౌల్ 1818 డిసెంబరు 24వ తేదీన ఇంగ్లండులోని సాల్ఫర్డు పట్టణమున జనించెను. తండ్రి బీరు కర్మాగారమునకు యజమాని. బాల్యమున దేహదార్ఢ్యము లేనందున జౌల్ ఇంటనే చదువుకొనెను. 1834 నుండి కొంతకాలము పరమాణు సిద్ధాంతకర్తయగు జాన్ డాల్టను వద్ద గణితము నభ్యసించెను. విశ్వవిద్యాలయమున చదువలేదు. కర్మాగారపు పనులు చూచుకొనుచునే పరిశోధనలు సాగించెను.

అతడు తీగచుట్టను నీటిలోనుంచి, దానిగుండ విద్యుత్తును పంపి, నీరెంత వేడెక్కెనో ఓపికతో కొలిచెను. తీగయందు పుట్టు వేడి దాని నిరోధమును బట్టియు, ప్రవాహముయొక్క వర్గమును బట్టియు నుండునని తేల్చెను. ప్రవాహము పదిరెట్లయినచో వేడి నూరురెట్లగును. పిమ్మట, దిగజారు బరువులచే నీటిలో తెడ్లను త్రిప్పించి, పని వేడిగా మారుటలో స్థిరమైన లెక్క కలదని చూపెను. మొదట ఆతని మాటను ఆలకించినవారు కొలదిమందియే. 1850లో రాయల్ సొసైటీ వారు ఆతనిని సభ్యునిగా నెన్నుకొనిరి.

ఇక మన సందేహమునకు వత్తము. ట్వీటరులోని సన్నని తీగచుట్ట మాడుట వేడివలననే. రొదయొక్క వోల్టేజి వోల్టులో నూరవవంతనియు, నిరోధము 8 ఓములనియు అనుకొందము. జౌల్ సూత్రము ననుసరించి లెక్కించినచో, ఆతని పేరనే వెలసిన ఒక జౌలు శక్తి ఆ చుట్టకు చేరుటకు 80,000 సెకండ్లు, అనగా 22 గంటలకు పైగా పట్టును. ఒక జౌలు ఒక గ్రాము నీటిని పావు డిగ్రీ సెంటిగ్రేడు కూడ వేడిచేయజాలదు. ఆ స్వల్పపు వేడియు ఎప్పటికప్పుడు గాలిలో కలిసిపోవును. కావున ఇట్టి సన్నని రొద చెవికి విసుగే గాని ట్వీటరునకు హాని కాదు. ఆంప్లిఫయరును శక్తికి మించి పెంచి శబ్దము చీలునట్లు మ్రోగించుటయు, మైకును స్పీకరున కెదురుగ నుంచి కీచుమనిపించుటయు నిజమైన అపాయములు. రొద హఠాత్తుగా బలపడినచో మాత్రము యంత్రమును పరీక్ష చేయింపవలెను.

జౌల్ 1889 అక్టోబరు 11వ తేదీన సేల్ అను ఊరిలో మరణించెను. ఆతని సమాధిపై 772.55 అను సంఖ్య చెక్కబడియున్నది. ఒక పౌను నీటిని ఒక ఫారన్‌హీటు డిగ్రీ వేడిచేయుటకు ఎన్ని పౌనుల బరువును ఒక అడుగెత్తు లేపు పని కావలెనో ఆ సంఖ్య తెలుపును. దానితోపాటు, వెలుగుండగనే పని ముగింపవలెనను భావముగల యోహాను సువార్త వచనమును కలదు. విద్యార్థులారా, సందేహము కలిగినపుడు భయపడక, జౌల్ వలె కొలిచి చూడుడు.