మెథోడియస్ – లిపిలేని ప్రజల అపొస్తలుడు

మహానగరములే జ్ఞానమునకు పుట్టినిండ్లనియు, పొలిమేరల నున్న ప్రజలు పుచ్చుకొనువారే గాని ఇచ్చువారు కారనియు లోకము తలచుట కద్దు. వేదాంత కళాశాలలో చదువు దినములలో మెథోడియస్ పేరును మేము ఒక పరీక్ష ప్రశ్నగానే నేర్చుకొంటిమి. సంఘ పరిచర్యలో కొన్ని సంవత్సరములు గడచిన తరువాత గాని ఆ దైవజనుని జీవితము ఈ తలంపును ఎట్లు తలక్రిందులు చేసినదో మాకు బోధపడలేదు.

తొమ్మిదవ శతాబ్దమున క్రైస్తవ లోకమునకు రెండు గొప్ప కేంద్రములుండెను. తూర్పున గ్రీకు భాషతో కాన్‌స్టాంటినోపుల్, పడమట లాటిన్ భాషతో రోము. ఈ రెంటి అంచులను స్లావు జాతులు నివసించుచుండిరి. వారికి మాట యుండెను గాని ఆ మాటకు తగిన వ్రాత లేదు.

మెథోడియస్ సుమారు 815లో థెస్సలొనీకలో, ఒక సైన్యాధికారి యింట జన్మించెను. అది పౌలు పత్రికలందుకొన్న పట్టణమే. పట్టణము గ్రీకులది, చుట్టుపట్ల స్లావు జనము. కావున అతడును తమ్ముడైన కాన్‌స్టాంటైనును ఆ భాష నెరిగియుండిరి. మెథోడియస్ కొంతకాలము స్లావుల ప్రాంతమొకదానికి అధికారిగా నుండి, ఆ పదవి విడిచి, ఆసియా మైనరులోని ఒలింపస్ కొండమీద సన్యాసుల మఠములో చేరెను. తమ్ముడు రాజధానిలో గొప్ప పండితుడని పేరొందెను.

862లో, నేటి చెక్, స్లొవాక్ దేశముల ప్రాంతమైన మొరావియా నేలిన రోస్టిస్లావ్, తన ప్రజలకు వారి మాటలోనే బోధించు ఉపదేశకులను పంపుమని చక్రవర్తియైన మూడవ మైకేలును కోరెను. చక్రవర్తి ఈ అన్నదమ్ములను పంపెను. కాన్‌స్టాంటైను స్లావు మాటకు క్రొత్త అక్షరములు కూర్చెను. గ్లగోలితిక్ లిపి యనునది అదియే. సువార్త భాగములు తర్జుమా చేసికొని 863లో వారు మొరావియా చేరిరి.

అక్కడ ముందే పనిచేయుచున్న జర్మను దేశపు గురువులు వారి నెదిరించిరి. సిలువమీది పైవిలాసము వ్రాయబడిన హెబ్రీ, గ్రీకు, లాటిన్ భాషలు మాత్రమే ఆరాధనకు తగినవని కొందరు వాదించిరి. అన్నదమ్ములు రోముకు వెళ్లగా రెండవ ఏడ్రియన్ పోపు స్లావు గ్రంథములను అంగీకరించెను. అయితే 869లో తమ్ముడు సిరిల్ అను సన్యాస నామము ధరించి రోములోనే కన్నుమూసెను. తామిద్దరు ఒకే కాడికి కట్టిన జోడెడ్లవలె దున్నితిమనియు, కొండమీది ఏకాంతమును ప్రేమించి ఈ పని విడువవద్దనియు అతడు చివరి ఘడియలలో అన్నను వేడుకొనెనని ప్రాచీన చరిత్ర చెప్పుచున్నది.

అన్న ఆ మాట నిలుపుకొనెను. ఆర్చిబిషప్పుగా అభిషేకమునొంది తిరిగి రాగా, 870లో బవేరియా బిషప్పులు అతనికి తీర్పు తీర్చి చెరలో వేసిరి. ఎనిమిదవ యోహాను పోపు కలుగజేసికొన్నమీదట 873లో విడుదలయ్యెను. వృద్ధాప్యములో, వేగముగా వ్రాయగల ఇద్దరు గురువులను ప్రక్కనుంచుకొని, మక్కబీయుల గ్రంథములు తప్ప తక్కిన బైబిలును తర్జుమా చేసెనని అదే చరిత్ర తెలుపుచున్నది. 885 ఏప్రిల్ 6న నిద్రించెను.

అతడు పోయిన వెంటనే పని కూలినట్లే కనబడెను. స్లావు ఆరాధన నిషేధింపబడెను. శిష్యులు తరుమబడిరి, కొందరు బానిసలుగా అమ్మబడిరి. అయితే క్లెమెంటు, నౌము మొదలగువారు బల్గేరియా చేరగా రాజైన బోరిస్ వారిని చేర్చుకొనెను. నేటి ఉత్తర మాసిదోనియలోని ఓహ్రిద్ ప్రాంతమున క్లెమెంటు 3500 మంది శిష్యులకు బోధించెనని చెప్పుదురు. బల్గేరియాలోనే సిరిలిక్ లిపి రూపొందెను. 988లో కీవ్ రాజ్యము బాప్తిస్మము పొందినప్పుడు వారికి సిద్ధముగా నున్నవి ఈ స్లావు గ్రంథములే. ఒకనాటి పొలిమేర అట్లు తానే ఒక కేంద్రమాయెను.

అయితే ఇంకొక మాటయు చెప్పవలెను. శతాబ్దములు గడువగా ఆ స్లావు భాషయే పవిత్ర భాషయై, సామాన్యునికి అందని దాయెను. రష్యాలో ప్రజలు మాటలాడు రష్యను భాషలో సంపూర్ణ బైబిలు 1876లో గాని వెలువడలేదు. పొలిమేర కేంద్రమైన పిమ్మట తన పొలిమేరలను మరచుట ఎంత సులభమో చూడుడి.

ప్రియ సంఘస్థులారా, తెలుగులో వాక్యము చదువుకొను మనము ఒకప్పుడు పొలిమేర వారమే. నూరేండ్ల పండుగ చేసికొనుచున్న నేడు మనమే కేంద్రమైతిమి. మన కొండలలో, అడవులలో కోయ, గోండి మాటలాడు సహోదరులు మన గుడిలో కూర్చుండి మన తెలుగును వినుచున్నారు. వారి మాటను మనలో నేర్చుకొన్న వారెందరు? మెథోడియసును గౌరవింపదలచినచో ఈ ప్రశ్నకు జవాబు వెదకుటయే తగిన మార్గమని మా నమ్మకము.