డాక్టర్ యల్లాప్రగడ సుబ్బారావు – ప్రామాణిక ద్రావణం

తెలుగునాట జన్మించి ప్రపంచ వైద్యశాస్త్రానికి మహోపకారం చేసిన వారిలో డాక్టర్ యల్లాప్రగడ సుబ్బారావుగారు అగ్రగణ్యులు. వారి పేరు వినగానే మనకు వారు కనుగొన్న ఔషధాలు స్ఫురిస్తాయి. కాని ఆ ఔషధాలకు ఎంతో పూర్వమే వారి కీర్తికి పునాది వేసినది, మన విద్యార్థులు రసాయన ప్రయోగశాలలో ఏటేటా చేసే పని వంటిదే. అది ప్రామాణిక ద్రావణాన్ని తయారుచేసి, తెలిసిన దానితో తెలియని దానిని పోల్చి చూడడం.

సుబ్బారావుగారు 1895 జనవరి 12వ తేదీన భీమవరంలో జన్మించారు. తండ్రి జగన్నాథం, తల్లి వెంకమ్మ. పేదరికంలో పెరిగిన ఆ బాలుడు, కాశీలో యాత్రికులకు అరటిపండ్లు అమ్మి ధనం గడించాలని ఇల్లు విడిచి బయలుదేరగా తల్లి వెనుకకు రప్పించింది. మెట్రిక్యులేషన్ పరీక్షలో రెండుసార్లు తప్పి, మూడవసారి ఉత్తీర్ణులయ్యారు. మద్రాసు వైద్య కళాశాలలో ఖద్దరు ధరించినందుకు ఆంగ్లేయ ఆచార్యుని ఆగ్రహానికి గురై, ఎం.బి.బి.యస్. కు బదులు తక్కువదైన ఎల్.ఎం.యస్. పట్టంతో సరిపెట్టుకోవలసి వచ్చింది. ఇద్దరు సోదరులు స్ప్రూ అనే జీర్ణకోశ వ్యాధికి బలికావడం వారి హృదయాన్ని కలచివేసింది. తరువాత అమెరికాలోని బోస్టన్ నగరం చేరి, ఆసుపత్రిలో చిన్న ఉద్యోగం చేసుకుంటూ హార్వర్డ్ విశ్వవిద్యాలయంలో చదివారు.

అక్కడ సైరస్ ఫిస్క్ అనే ఆచార్యునితో కలిసి, రక్తమూత్రాదులలోని ఫాస్ఫరస్‌ను కొలిచే విధానాన్ని రూపొందించి 1925లో ప్రకటించారు. పరీక్షించవలసిన ద్రవానికి ఆమ్లంలో కరిగించిన అమ్మోనియం మాలిబ్డేటును, తరువాత ఒక క్షయకరణిని చేర్చితే నీలిరంగు ఏర్పడుతుంది. ఫాస్ఫరస్ ఎంత ఎక్కువైతే నీలం అంత చిక్కనవుతుంది. అయితే కేవలం రంగును చూసి పరిమాణాన్ని చెప్పలేము. ఫాస్ఫరస్ ఎంత ఉన్నదో ముందే తెలిసిన ద్రావణంలోనూ అదే రంగును పుట్టించి, రెండింటినీ కలరీమీటరులో పోల్చాలి. ఆ తెలిసిన ద్రావణమే ప్రామాణిక ద్రావణం.

శుద్ధమైన, పొడిగా ఉన్న పొటాషియం డైహైడ్రోజన్ ఫాస్ఫేటును 0.351 గ్రాములు తూచి, స్వేదనజలంలో కరిగించి, ఒక లీటరు గీత వరకు నింపితే అందులో 80 మిల్లీగ్రాముల ఫాస్ఫరస్ ఉంటుంది. 5 మిల్లీలీటర్లు తీసుకుంటే 0.4 మిల్లీగ్రాము. చెప్పడానికి ఇంత సులభమైన పనిలో ఎంత బాధ్యత ఇమిడి ఉన్నదో గమనించాలి. తూకంలో పదింట ఒక వంతు తగ్గినచో ప్రామాణిక ద్రావణం పలచనవుతుంది. దానితో పోల్చిన ప్రతి రోగి రక్తంలోనూ ఫాస్ఫరస్ లేనిది ఉన్నట్లుగా, హెచ్చుగా కనిపిస్తుంది. ఆదోని పత్తి మార్కెట్టుకు సరకు తోలిన రైతు బిడ్డలకు ఇది వేరుగా వివరించనక్కరలేదు. తూకపురాయి తప్పయితే, తరాజు ఎంత నిక్కచ్చిగా నిలిచినా ఆనాటి లెక్కలన్నీ తప్పే.

సుబ్బారావుగారి తూకపురాయి తప్పు కాదు. అందుచేతనే ఒక విశేషం వారి కంటబడింది. కండరం నుండి తీసిన ద్రవాన్ని పరీక్షించినపుడు, ప్రామాణిక ద్రావణంలో రంగు త్వరగా స్థిరపడగా, కండరపు ద్రవంలో మాత్రం నీలం మెల్లమెల్లగా చిక్కబడుతూ వచ్చింది. మరొకరైతే ప్రయోగం చెడినదని పారబోసి ఉండేవారేమో. వారు తమ ద్రావణాన్ని నమ్మి, తేడాకు కారణాన్ని కండరంలోనే వెదకినారు. ఆమ్లంలో నెమ్మదిగా విడిపోయే ఫాస్ఫరస్ సమ్మేళనమొకటి అందులో ఉన్నదని తేలింది. అదే 1927లో ప్రకటించిన ఫాస్ఫోక్రియాటిన్. కండరం పనిచేసినపుడు అది విడిపోయి, విశ్రాంతిలో తిరిగి ఏర్పడుతుంది. 1929లో, జర్మనీలో లోమన్ కనుగొన్న కాలంలోనే, వీరు కూడా స్వతంత్రంగా ఏ.టి.పి. ని కనుగొన్నారు. జీవకణాలకు శక్తి ఎట్లు అందుతుందో తెలియడానికి ఈ రెండూ ఆధారాలైనవి.

హార్వర్డ్‌లో స్థిరమైన పదవి లభించకపోగా, 1940లో వారు లెడర్లీ పరిశోధనాలయంలో చేరారు. వారి నాయకత్వంలో 1945 నాటికి ఫోలిక్ ఆమ్ల సంశ్లేషణ సాధ్యమైంది. సోదరులను బలిగొన్న స్ప్రూ వ్యాధికి చికిత్సలో అది ఉపయోగపడింది. బోదకాలుకు కారణమైన ఫైలేరియా క్రిములపై పనిచేసే హెట్రజాన్, డగ్గర్ కనుగొన్న ఆరియోమైసిన్, పిల్లల రక్తక్యాన్సరుపై డాక్టర్ ఫార్బర్ ప్రయోగించిన అమినోప్టెరిన్ ఆ పరిశోధనాలయపు ఫలాలే. 1948 ఆగస్టులో, 53 ఏండ్ల వయసులో, స్వదేశానికి తిరిగి రాకుండానే సుబ్బారావుగారు కన్నుమూశారు. 1995లో భారత ప్రభుత్వం వారి శతజయంతికి తపాలా బిళ్ళను విడుదల చేసింది.

హాలహర్వి, ఆలూరు, ఆదోని ప్రాంతాల నుండి వచ్చి చదువుకొనే మన విద్యార్థులు 1.325 గ్రాముల అనార్ద్ర సోడియం కార్బొనేటును తూచి, 250 మిల్లీలీటర్ల కుప్పెలో గీత వరకు నింపి, 0.05 మోలార్ ద్రావణాన్ని తయారుచేస్తారు. బ్యూరెట్ రీడింగు అనుకున్నట్లు రాకపోతే, పై తరగతివారి రికార్డు చూసి అంకె దిద్దుకొనే అలవాటు కొందరిలో ఉన్నది. దానివలన మార్కులు రావచ్చు. కాని సుబ్బారావుగారు ఆనాడు నీలిరంగు విషయంలో అట్లే చేసి ఉంటే ఫాస్ఫోక్రియాటిన్ వారి చేతికి చిక్కేది కాదు. కనుక విద్యార్థులు కుప్పెను శుభ్రంగా కడిగి, సరిగా తూచి, గీతను కంటికి సమంగా ఉంచి నింపాలి. ఆపైన తమ కంటికి కనబడిన అంకెనే రికార్డులో వ్రాయాలి. అది పుస్తకంలోని అంకెతో కలియకపోతే, కారణమేమిటని ఉపాధ్యాయుని అడగాలి. రెండుసార్లు పరీక్ష తప్పిన భీమవరం బాలుడు ప్రపంచ ప్రఖ్యాతి పొందిన మార్గమిది.