చెళ్ళపిళ్ళ వెంకటశాస్త్రి గారు - విన్నది నిలుపుకునే విద్య

మేము ఉర్దూ మాధ్యమంలో పాఠాలు చెప్పుకునే వాళ్ళం. తెలుగు పండితులం కాము. అయినా ఈ సంచికకు ఒక తెలుగు మహాకవి జీవితం రాయడానికి పూనుకున్నామంటే దానికి కారణం ఉన్నది.

ఉదయగిరిలో మా తరగతి గది నుంచి చూస్తే దుర్గం కొండ కనిపిస్తుంది. ఆ దుర్గాన్ని శ్రీకృష్ణదేవరాయలు 1514లో గజపతుల నుంచి జయించాడని చరిత్ర పాఠంలో ఉంది. పరీక్షకు ముందు తరగతి అంతా ఆ సంవత్సరాన్ని గుక్కతిప్పుకోకుండా చెప్పేసింది. సెలవులు గడిచి వచ్చాక అడిగితే ఒక్కరూ నోరు మెదపలేదు. కొండ ఉన్నచోటనే ఉంది, సంవత్సరం మాత్రం ఎగిరిపోయింది. ముందు పిల్లలను కోప్పడ్డాం. ఇంటికి వచ్చి ఆలోచిస్తే తప్పు మాదే అనిపించింది. ఆ జవాబును పదేసి సార్లు రాయించాం గాని, పుస్తకం మూయించి ఒక్కసారైనా చెప్పించలేదు.

ఇక వెంకటశాస్త్రి గారి సంగతికి వద్దాం. విన్నదాన్ని మరువకుండా నిలుపుకోవడం ఒక విద్యగా సాధించి, ఆ విద్యతో తెలుగు దేశమంతటా కీర్తి గడించిన మహనీయుడాయన. 1870 ఆగస్టు 8వ తేదీన తూర్పు గోదావరి ప్రాంతంలోని కడియంలో కామయ్య, చంద్రమ్మ దంపతులకు జన్మించారు. ఆ వంశంలో పూర్వం కవులున్నారు, ఇంట్లో పాత గ్రంథాలున్నాయి. ధనం మాత్రం లేదు. తరువాత ఆ కుటుంబం యానాం చేరింది. అప్పుడు యానాం ఫ్రెంచివారి ఏలుబడిలో ఉండేది. అక్కడ ఆయన తెలుగు, సంస్కృతంతో పాటు కొంత ఫ్రెంచి, ఇంగ్లీషు కూడా చదువుకున్నారు. దీనికి తోడు చిన్నతనం నుంచే చూపు దోషం. చూపు సరిగా లేనివాడికి చెవే పుస్తకం కావాలి, నోరే పలక కావాలి కదా!

పద్దెనిమిదో ఏట ఒక శతకం చెబితే, అందులో వ్యాకరణ దోషాలున్నాయని పండితులు విమర్శించారట. మరొకరైతే కలం పారేసేవారు. ఆయన మాత్రం వ్యాకరణం నేర్చుకునే తీరాలని పంతం పట్టారు. చర్ల బ్రహ్మయ్య శాస్త్రి గారిని ఆశ్రయించారు. అక్కడే దివాకర్ల తిరుపతి శాస్త్రి గారు సహాధ్యాయిగా దొరికారు. చదువు కోసం కాశీ వెళ్ళాలంటే చేతిలో పైకం లేదు. అవధానాలు చేసి, వచ్చిన సంభావనలతో ఆ ప్రయాణం సాగించారు. ఈనాడు ఉపకార వేతనం కోసం ఎదురుచూసే మన పిల్లలు ఈ సంగతి గుర్తుంచుకోవాలి. ఆయన తన జ్ఞాపకశక్తినే ఉపకార వేతనంగా చేసుకున్నారు.

అవధానం అంటే ఏమిటో మన ఇళ్ళలో చాలామందికి తెలియకపోవచ్చు. అవధానం అనే మాటకు అర్థం ఏకాగ్రత. శతావధానంలో నూరుగురు ప్రశ్నలడిగేవారు కూర్చుంటారు. వారిని పృచ్ఛకులంటారు. ఒక్కొక్కరు ఒక్కొక్క విషయం ఇచ్చి పద్యం చెప్పమంటారు. అవధాని మొదటి విడతలో ఒక్కొక్కరికి ఒక్కొక్క పాదం చెబుతూ నూరుగురినీ చుట్టి వస్తాడు. రెండో విడతలో రెండో పాదం. అలా నాలుగు విడతలు ముగిసేసరికి నాలుగు వందల పాదాలు అవుతాయి. అవధాని చేతిలో కాగితం ఉండదు, కలం ఉండదు. చివరికి నూరు పద్యాలనూ వరుసగా అప్పజెప్పాలి. ఆ అప్పజెప్పడాన్ని ధారణ అంటారు. 

1890 ప్రాంతం నుంచి ఈ ఇద్దరు మిత్రులూ తిరుపతి వెంకట కవులు అనే పేరుతో జంటగా ఊరూరా అవధానాలు చేశారు. అప్పటి మన నెల్లూరు జిల్లాలోని వెంకటగిరి, ఇంకా గద్వాల, పిఠాపురం, విజయనగరం వంటి సంస్థానాలలో సన్మానాలు పొందారు. ఆత్మకూరు సంస్థానంలోనూ గౌరవం అందుకున్నారు. అది మన ఆత్మకూరు కాదు, పాలమూరు ఆత్మకూరు. చదివేవారు పొరబడకుండా చెబుతున్నాం.

ఇదంతా భగవంతుడిచ్చిన వరం, మన పిల్లలకు ఎక్కడ వస్తుంది అని కొందరనవచ్చు. వరం కొంత ఉండవచ్చు. కాని అందులో పద్ధతి కూడా ఉన్నది. మొదటిది, పద్యానికి యతి ప్రాసలుంటాయి. ప్రతి పాదంలో రెండో అక్షరం ఫలానాదే అయి ఉండాలనే నియమం వల్ల, మాట జారిపోయినా వెతుక్కునే చోటు ఇరుకవుతుంది, మాట తొందరగా చిక్కుతుంది. మన గజళ్ళలో రదీఫ్, ఖాఫియా చేసే మేలు ఇలాంటిదే. రెండోది, ఒక పద్యం ఒక్కసారిగా ముగియదు. తొంభైతొమ్మిది మందిని దాటి వచ్చి, మళ్ళీ ఆ మొదటివాడి దగ్గర వెనకటి పాదాన్ని మనసులో తెచ్చుకుంటేనే తరువాతి పాదం కుదురుతుంది. అంటే మరచిపోయే లోపల మళ్ళీ మళ్ళీ తలచుకోవలసి వస్తున్నది. మూడోది, అంతా నలుగురి ఎదుట నోటితో అప్పజెప్పాలి.

మరపు అందరికీ ఉన్నదే. వెంకటశాస్త్రి గారికి పదిహేనేళ్ళ వయసున్నప్పుడు, 1885లో, జర్మనీలో ఎబ్బింగ్‌హౌస్ అనే పండితుడు మరపును లెక్కగట్టి పుస్తకం ప్రకటించాడు. అర్థం లేని అక్షరాల వరుసలను తానే కంఠస్థం చేసి, కొంత కాలానికి మళ్ళీ నేర్చుకోవడానికి ఎంత శ్రమ పడుతుందో చూశాడు. ఆ శ్రమను బట్టి చూస్తే గంటలోనే సగానికి పైగా పోయింది. ఒక రోజుకు మూడింట రెండు వంతులు పోయింది. ఆపైన పోవడం నెమ్మదించింది. 2006లో అమెరికాలో రోడిగర్, కార్పికి అనే పరిశోధకులు విద్యార్థులకు పాఠాలిచ్చి పరీక్షించారు. కొందరు పాఠాన్ని తిరిగి చదివారు, కొందరు చూడకుండా గుర్తు తెచ్చుకుని రాశారు. అయిదు నిమిషాల తరువాత తిరిగి చదివినవారే మెరుగు. వారం గడిచాక మాత్రం గుర్తు తెచ్చుకున్నవారే ముందుకు వచ్చారు. మా 1514వ సంవత్సరం ఎక్కడికి పోయిందో మాకు అప్పుడు బోధపడింది.

నిజానికి ఈ రహస్యం మన ఇళ్ళకు కొత్తది కాదు. ఆత్మకూరులో మా బంధువుల పిల్లవాడొకడు హిఫ్జ్ చేస్తున్నాడు. ప్రతి రోజూ కొత్త సబఖ్ ఒకటి, ఈ మధ్య చదివిన సబ్ఖీ ఒకటి, ఎప్పుడో చదివిన మంజిల్ ఒకటి ఉస్తాద్ ఎదుట చూడకుండా వినిపించాలి. పాతది వినిపించనిదే కొత్తది ముందుకు సాగదు. అదే పిల్లవాడు లెక్కలు, సైన్సు దగ్గరికి వచ్చేసరికి పరీక్ష ముందు రాత్రి గైడు పట్టుకుని కూర్చుంటాడు! ఒక చదువుకు తెలిసిన మర్యాద ఇంకో చదువుకు ఎందుకు చూపము?

వెంకటశాస్త్రి గారు తాను నేర్చింది తన దగ్గరే దాచుకోలేదు. బందరు హిందూ హైస్కూలులో తెలుగు ఉపాధ్యాయులుగా పనిచేశారు. విశ్వనాథ సత్యనారాయణ, పింగళి లక్ష్మీకాంతం, కాటూరి వెంకటేశ్వరరావు వంటివారు ఆయన శిష్యులు. తోటి కవి తిరుపతి శాస్త్రి గారు చాలా ముందుగానే కాలధర్మం చెందారు. ఆ తరువాత తానొక్కరే రాసినవాటిని కూడా ఇద్దరి పేరుతోనే ప్రకటించారు. స్నేహాన్ని కూడా ధారణ చేసిన మనిషి! ముసలితనంలో తన అనుభవాలను కథలు గాథలు అనే పేరుతో తేట తెలుగులో రాశారు. 1949లో మద్రాసు ప్రభుత్వం ఆయనను ఆస్థాన కవిగా నియమించింది. 1950 ఫిబ్రవరి 15న పరమపదించారు.

సభ్యులకు మా మనవి ఒక్కటే. మన తల్లులలో చదువు రానివారు చాలామంది ఉన్నారు. మేమేం చెప్పగలం సార్ అని బాధపడతారు. పృచ్ఛకుడికి పద్యం చెప్పడం రానక్కరలేదు, అడగడం వస్తే చాలు. మగ్రిబ్ తరువాత పది నిమిషాలు, కొయ్య చెంచాలు చెక్కుతూనే సరే, అమ్మీ గాని నానీ గాని పిల్లవాడి పుస్తకం మూయించి, ఈ రోజు బడిలో ఏం చెప్పారో, పోయిన వారం ఏం చెప్పారో వినిపించమని అడగాలి. తడబడితే కోప్పడవద్దు. తడుముకుంటూ గుర్తు తెచ్చుకునే ఆ కాసేపే అసలు చదువు. ఆ తరువాత పుస్తకం తెరిచి సరిచూసుకోనివ్వాలి.

వచ్చే ఏడు మన సొసైటీ బహుమతుల సభలో మార్కులు చదవడంతో పాటు, ప్రతి విద్యార్థినీ పోయిన సంవత్సరం పాఠం ఒకటి చెప్పమని అడుగుదాం. మేము మా తరగతిలో ఇప్పటికే మొదలుపెట్టాం. సోమవారం వచ్చిందంటే పుస్తకాలు మూత, పోయిన నెల పాఠం నోటితో. దుర్గం ఎప్పుడు జయించారో ఈ ఏడు మా పిల్లలను దారిలో ఆపి అడిగి చూడండి.