అశోకుని వంటశాల

తమ విజయములను ఱాళ్ళపై చెక్కించుకొన్న రాజులు లోకమున పెక్కుమంది కలరు. తన వంటశాలలో దినదినమును ఎన్ని ప్రాణులు చంపబడుచున్నవో ప్రజలకు తెలిపి, ఆ సంఖ్యను తగ్గించుచున్నానని ఱాతిపై చెక్కించిన రాజు అరుదు. మౌర్య చక్రవర్తి యగు అశోకు డట్టివాడు. కళింగయుద్ధము, పశ్చాత్తాపము, ధర్మప్రచారము అను మూడు మాటలతో పాఠశాలలలో ఆయన కథ ముగియుచుండును. ఆ పశ్చాత్తాపము ఆయన భోజనము వఱకు ఎట్లు వచ్చెనో, అందులకు ఎన్ని యేండ్లు పట్టెనో పరిశీలించినచో ఆ మహనీయుని స్వభావము మఱింత తేటపడును.

అశోకుడు చంద్రగుప్తుని మనుమడు, బిందుసారుని కుమారుడు. క్రీ. పూ. 268 ప్రాంతమున పాటలిపుత్రమునందు పట్టాభిషిక్తుడయ్యెను. ఆ వంశమున వేట రాజవినోదము. చంద్రగుప్తుని కొలువున గ్రీకు రాయబారిగా నున్న మెగస్తనీసు ఆ వేట వైభవమును వర్ణించెను. ఆయుధములు దాల్చిన స్త్రీలు రాజు చుట్టును నడచుచుండిరి. దారి పొడవునను త్రాళ్ళు కట్టి జనులను ఆవల నిలిపెడివారు. త్రాటిని దాటి లోనికి వచ్చినవానికి మరణమే శిక్ష. అశోకుడు పుట్టి పెరిగిన వాతావరణ మిట్టిది. బౌద్ధగాథలు ఆయనను మొదట చండాశోకుడని పేర్కొని, సోదరులను చంపించెనని చెప్పుచున్నవి. కాని ఆయన శాసనములందే సోదరుల గృహముల ప్రస్తావన యున్నది. కావున ఆ గాథలను ఉన్నవి ఉన్నట్లు చరిత్రగా గ్రహింపరాదు.

పట్టాభిషేకము జరిగిన ఎనిమిది సంవత్సరములకు, అనగా క్రీ. పూ. 260 ప్రాంతమున, ఆయన కళింగమును జయించెను. 1,50,000 మంది చెరపట్టబడి దేశాంతరమునకు తరలింపబడిరి. 1,00,000 మంది యుద్ధమున హతులైరి. అంతకు అనేక రెట్లు జనులు పిదప నశించిరి. ఈ లెక్కలు శత్రువులు వ్రాసినవి కావు. గెలిచిన రాజే తన పదుమూడవ శిలాశాసనమున చెప్పుకొన్నవి.

అయినను మార్పు ఒక్క రాత్రిలో వచ్చినది కాదు. తాను బుద్ధుని ఉపాసకుడై రెండున్నర సంవత్సరములు దాటినదనియు, మొదటి సంవత్సరమున గట్టి పూనిక చూపలేదనియు, సంఘమును సమీపించిన పిమ్మటనే శ్రద్ధ పెరిగినదనియు ఆయన లఘుశిలాశాసనములందు దాపరికము లేక ప్రకటించెను. పట్టాభిషేకమునకు పదియేండ్లు గడచిన పిదప ఆయన బుద్ధుడు జ్ఞానము పొందిన చోటును దర్శించెను. నాటినుండి వేటతో గూడిన విహారయాత్రలు పోయి, వాని స్థానమున ధర్మయాత్రలు వచ్చెను. 1958లో ఆఫ్గనిస్తానమునందలి కాందహారులో గ్రీకు, అరమాయిక్ భాషలలో నున్న ఆయన శాసనమొకటి బయల్పడినది. రాజు ప్రాణిహింస మానుకొన్నాడనియు, రాజుగారి వేటగాండ్రును జాలరులును తమ పని విడిచిరనియు అందు కలదు. ఇట్లు మొదట విడువబడినది వినోదము కొఱకు చంపుట. ఆకలి పేరిట చంపుటను విడుచుట అంతకంటె కష్టము.

ఆ కష్టమైన మెట్టును మొదటి శిలాశాసనము వివరించుచున్నది. ఇది క్రీ. పూ. 257 ప్రాంతమున వెలసిన పదునాలుగు శిలాశాసనములలో మొదటిది. పూర్వము రాజుగారి వంటశాలలో కూరల నిమిత్తము ప్రతిదినమును లక్షల కొలది ప్రాణులు చంపబడుచుండెనని అందు కలదు. ఈ సంఖ్య గొప్పతనము చాటుటకు పెంచి చెప్పినదైనను కావచ్చును. దాని ప్రక్కన నిలిచిన సంఖ్య మాత్రము చిన్నది, స్పష్టమైనది. శాసనము వ్రాయించునాటికి చంపబడుచున్నవి మూడు ప్రాణులు మాత్రమే: రెండు నెమళ్ళు, ఒక లేడి. ఆ లేడియు ప్రతిదినము కాదు. ముందు ముందు ఈ మూడును చంపబడవని రాజు మాట యిచ్చెను.

ఇందలి విశేషము జాగ్రత్తగా గమనింపదగినది. ఆ మూడు ప్రాణులను గూడ విడిచిన పిమ్మట శాసనము వ్రాయించి యుండినచో చక్రవర్తి కీర్తికి ఏ లోపమును ఉండెడిది కాదు. ఆయన అట్లు వేచి యుండలేదు. తన వ్రతము ఇంకను పూర్తికాలేదని, నేటికిని తన పళ్ళెమున నెమలిమాంసము ఉన్నదని సామ్రాజ్యమంతటను చాటించెను. జరిగిన దెంతయో, జరుగవలసిన దెంతయో ప్రజలకు తెలిసిపోయినది. అట్లు తెలిసిన మీదట వెనుకకు పోవుట ఆయనకు సాధ్యము కాదు. ప్రజలనే తన వ్రతమునకు సాక్షులుగా నిలుపుకొన్నాడన్న మాట.

ఆ శాసనమే ప్రాణులను చంపి బలి యిచ్చుటను నిషేధించినది. జనులు గుమిగూడి చేయు కొన్ని ఉత్సవములను గూడ వలదన్నది. రాజు తన భోజనమును మార్చుకొనుట యొకటి, పరుల ఆచారములను త్రోసిపుచ్చుట మఱొకటి. బ్రాహ్మణులను, శ్రమణులను గౌరవింపుడని పదేపదే బోధించిన ఆయనకు ఈ చిక్కు తెలియకపోలేదు. రెండవ శాసనము నిషేధమును దాటి సేవకు పూనుకొన్నది. మనుష్యులకును పశువులకును వేరువేరుగా చికిత్స ఏర్పాటు చేయించెను. ఓషధులు లేనిచోట తెప్పించి నాటించెను. మనుష్యులును పశువులును సేదదీరుటకు దారుల వెంట బావులు త్రవ్వించి చెట్లు పెట్టించెను. చోళ, పాండ్య, కేరళపుత్ర దేశములకును, సింహళమునకును, యవన రాజ్యములకును ఈ ఏర్పాట్లు వ్యాపించినవని ఆయన చెప్పెను.

ఈ శాసనములు తెలుగువారికి దూరపు వస్తువులు కావు. కర్నూలు జిల్లాలో గుత్తి, పత్తికొండల నడుమ నున్న ఎఱ్ఱగుడి బండలపై పదునాలుగు శిలాశాసనములును, లఘుశాసనములును కలవు. 1929లో అవి వెలుగులోనికి వచ్చెను. నెమళ్ళ మాటయు లేడి మాటయు అచ్చట తెలుగునేల మీది ఱాతిపై నేటికిని చదువవచ్చును. పదుమూడవ శాసనమున ఆంధ్రుల పేరు గూడ కలదు.

మూడు ప్రాణులను గూర్చి మాట యిచ్చిన రాజు, పట్టాభిషేకమునకు ఇరువదియాఱు సంవత్సరములు గడచిన పిమ్మట తన అయిదవ స్తంభశాసనమున దయను చట్టముగా రూపొందించెను. చిలుకలు, గోరువంకలు, చక్రవాకములు, గబ్బిలములు, రాణిచీమలు, తాబేళ్ళు, ముండ్లపందులు, ఉడుతలు, పావురములు మున్నగువానిని చంపరాదు. వాడుకకు గాని ఆహారమునకు గాని రాని నాలుగుకాళ్ళ జంతువులను చంపరాదు. చూలుతోనో పాలిచ్చుచునో ఉన్న మేకలను, గొఱ్ఱెలను, పందులను, ఆఱు నెలలు నిండని వాని పిల్లలను చంపరాదు. ప్రాణులున్న పొట్టును కాల్చరాదు. అడవులను నిష్కారణముగా తగులబెట్టరాదు. ఒక ప్రాణికి మఱొక ప్రాణిని మేతగా పెట్టరాదు. కొన్ని పర్వదినములందు చేపలను చంపరాదు, అమ్మరాదు.

ఈ పట్టికలో ఉన్నదానితో పాటు లేనిదియు చూడవలెను. ఎదిగిన మేకను, గొఱ్ఱెను తినరాదని రాజు ఎక్కడను శాసింపలేదు. తాను సంపూర్ణముగా విడువ దలచినదానిని ప్రజలపై సంపూర్ణముగా రుద్దలేదు. తల్లిని, పసికూనను, అనవసరముగా చచ్చు ప్రాణిని మాత్రము చట్టమునకు అప్పగించి, తక్కినదానిని మనుష్యుల మనస్సునకు విడిచెను.

అట్లేల చేసెనో మఱుసటి సంవత్సరపు ఏడవ స్తంభశాసనము తెలుపుచున్నది. ఫిరోజ్‌షా తుగ్లకు తోప్రా గ్రామమునుండి ఢిల్లీకి తెప్పించిన స్తంభముపై అది కలదు. ధర్మము పెరుగుటకు మార్గములు రెండు: నియమము, మనస్సును ఒప్పించుట. వీనిలో నియమమువలన కలుగు ఫలము స్వల్పమనియు, ఒప్పించుటవలననే జీవహింస ఎక్కువగా తగ్గినదనియు ఆయన తేల్చెను. తానే చేసిన చట్టములను పేర్కొని, వాని శక్తి కొంచెమని ఒప్పుకొన్న పాలకుడు ఆయన.

ఆయన దయకు హద్దులు లేకపోలేదు. మరణశిక్ష ఆయన రాజ్యమున నిలిచియే యుండెను. శిక్షపడినవారికి మూడు దినముల గడువు మాత్రమే లభించెను. చిలుకకు అభయమిచ్చిన చక్రవర్తి నేరస్థునికి ప్రాణదానము చేయలేదు. ఈ వైరుధ్యమును కప్పిపుచ్చిన చరిత్ర చరిత్ర కాజాలదు.

అశోకుడు క్రీ. పూ. 232 ప్రాంతమున మరణించెను. చివరిదినములలో సర్వమును దానము చేయగా ఆయన చేతిలో సగము ఉసిరికాయ మాత్రమే మిగిలెననియు, దానిని గూడ సంఘమునకు పంపెననియు బౌద్ధగాథ. అర్ధశతాబ్దము గడవకముందే మౌర్యసామ్రాజ్యము అంతరించెను. ఆ లిపిని చదువగలవారు లేకపోయిరి. 1837లో జేమ్స్ ప్రిన్సెప్ దానిని ఛేదించుటతో ఱాళ్ళు మరల పలికెను. 1950లో సారనాథ సింహశీర్షము భారత ప్రభుత్వ చిహ్నమయ్యెను. 1963లో నెమలి జాతీయపక్షియయ్యెను. ఒకనాడు చక్రవర్తి వంటశాలలో చివఱివఱకు మిగిలిన పక్షి అదియే.

మంచిపని నొకేసారి పూర్తిగా చేయలేకపోతిమని దానిని అసలే మొదలుపెట్టనివారు ఎందఱో కలరు. లక్షలనుండి మూడింటికి వచ్చి, ఆ మూడింటిని దాచక చెప్పి, వానిని గూడ విడిచెదనని మాట యిచ్చిన అశోకుని శాసనము అట్టివారికి ధైర్యము చెప్పుచున్నది. విద్యార్థులు ఆ శాసనమును యుద్ధపాఠముతో పాటు చదువదగును.