పట్టాకు లొంగని ప్రజ్ఞ: యల్లాప్రగడ సుబ్బారావు

ఉన్నత విద్యాలయమున ప్రవేశమునకు అర్హతాపత్రము ఆవశ్యకము. కాని ఆ పత్రము మనుష్యుని శక్తినంతటిని కొలువజాలదు. యల్లాప్రగడ సుబ్బారావుగారి జీవితమే ఇందుకు నిదర్శనము.

1895 జనవరి 12న భీమవరమున జన్మించిన ఈయన మెట్రిక్యులేషను పరీక్షలో రెండుమారులు తప్పి, మూడవమారు మద్రాసు హిందూ హైస్కూలు నుండి కృతార్థులైరి. పిదప మద్రాసు వైద్యకళాశాలలో చేరి, గాంధీజీ పిలుపు ననుసరించి శస్త్రచికిత్సాశాలలో సైతము ఖద్దరు ధరించిరి. దొరగారగు ఆచార్యున కది రుచింపలేదు. పరీక్షలలో చక్కగా వ్రాసినను ఎం.బి.బి.ఎస్.కు మారుగా తక్కువదగు ఎల్.ఎం.ఎస్. పట్టాయే చేతికి వచ్చెను.

ఇంతలో గ్రహణివ్యాధి సోదరులను పొట్టనబెట్టుకొనెను. ఆ వ్యాధియే తనకును సోకగా ఆయుర్వేద చికిత్సచే బ్రతికి బయటపడిరి. ఆ రోగమునకు మూలమేమో తెలిసికొనవలెనన్న తపన నాటినుండి ఆయనను విడువలేదు. కొంతకాలము మద్రాసు ఆయుర్వేద కళాశాలలో శరీరనిర్మాణశాస్త్రము బోధించి, మామగారి యొక్కయు దాతల యొక్కయు సాయముతో బోస్టను నగరము చేరిరి.

హార్వర్డులో ఉష్ణమండల వైద్యశాఖ ఆయనకు ప్రవేశము నొసగినదేగాని విద్యార్థివేతన మీయలేదు. పగలు చదువు; రాత్రులు ఆసుపత్రిలో రోగుల మలమూత్రపాత్రలు కడుగుట. ఆ పిమ్మట ఆచార్య ఫిస్కే పరిశోధనాలయమున చేరి, ఆయనతో కలిసి 1925లో రక్తమూత్రములందలి భాస్వరమును నీలివర్ణపు గాఢతనుబట్టి లెక్కించు పద్ధతిని ప్రకటించిరి. ఆ పద్ధతియే కండరముల శక్తిరహస్యమునకు దారిచూపెను. 1927లో ఫాస్ఫోక్రియాటిన్, 1929లో ఏ.టి.పి. వెలుగులోనికి వచ్చెను. 1930లో డాక్టరేటు లభించెను. అయినను హార్వర్డు శాశ్వతాచార్యపదవి నీయలేదు.

1940లో లెడర్లీ ఔషధసంస్థలో ప్రవేశించి, పరిశోధనశాఖకు నాయకులైరి. ఆయన బృందము 1945లో ఫోలిక్ ఆమ్లమును కృత్రిమముగా తయారుచేసెను. అదే గ్రహణివ్యాధికి మందైనది! తన ఇంటి దీపముల నార్పిన రోగమునకు ఇరువదియేండ్లు దాటిన పిమ్మట ఔషధము లభించినది. ఆ ఆమ్లమునకు ప్రతికూలముగా పనిచేయు అమినోప్టెరిన్ సైతము అక్కడనే తయారయ్యెను. దానిచే రక్తక్యాన్సరు సోకిన పసిపిల్లలకు తాత్కాలికముగానైనను ఉపశమనము కలుగునని 1948లో ఫార్బరు వైద్యుడు లోకమునకు చూపెను. బోదకాలుకు హెట్రజాన్, డగ్గరు కనుగొన్న ఆరియోమైసిన్ కూడ ఆయన నాయకత్వమునాటి ఫలములే.

1948 ఆగస్టులో, ఏబదిమూడవయేట, ఆయన న్యూయార్కు రాష్ట్రమున కన్నుమూసిరి. ప్రచారమును కోరనందున స్వదేశమున ఆయన పేరు చాలకాలము మరుగుననే ఉండెను. కాని నేటికిని బోదకాలు నివారణకై ఊరూర పంచు డి.ఇ.సి. మాత్ర హెట్రజానే. దానిని మ్రింగు వారిలో ఎందరికో ఆ మందు వెనుకనున్న భీమవరపు బిడ్డ పేరు తెలియదు.